నాలుగు లక్షల లోన్.. ఏడున్నర లక్షల బీటెక్!

ఫోన్‌లో కాలిక్యులేటర్ ఓపెన్ చేయండి. ఒక చిన్న లెక్క వేద్దాం.

బీటెక్ కోసం ఏడాదికి లక్ష చొప్పున, నాలుగేళ్లకి నాలుగు లక్షలు బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్ తీసుకున్నారనుకోండి. వడ్డీ 10 శాతం. చదువుకునే నాలుగేళ్లూ, ఆ తర్వాత ఇంకో ఏడాదీ ఈఎంఐ కట్టక్కర్లేదు. దీన్నే మారటోరియం అంటారు. 'ఐదేళ్ల దాకా పైసా కట్టక్కర్లేదు' అని వినగానే ఇంట్లోవాళ్లకి ప్రాణం లేచొస్తుంది. కానీ వడ్డీ మాత్రం ఆగదు. మొదటి లక్షకి ఐదేళ్ల వడ్డీ 50 వేలు. రెండో లక్షకి నాలుగేళ్లది 40 వేలు. మూడోదానికి 30, నాలుగోదానికి 20. మొత్తం లక్షా నలభై వేలు. ఇదీ మామూలు వడ్డీ లెక్కే, చక్రవడ్డీ కాదు. అంటే మొదటి ఈఎంఐ కట్టే రోజుకి మీ అప్పు నాలుగు లక్షలు కాదు, 5.4 లక్షలు. దాన్ని ఏడేళ్లలో తీర్చాలంటే నెలకి దాదాపు 9 వేలు. ఏడేళ్లు పూర్తయ్యేసరికి మీ చేతి నుంచి వెళ్లేది ఏడున్నర లక్షలు.

ఈ లెక్క ఎక్కడో చదివి చెప్పడం లేదు. నేను కట్టిన లోనే ఇది.

మాది పల్నాడులో చిలకలూరిపేట దగ్గర పల్లెటూరు. నాన్నకి మూడెకరాలు. మిర్చి వేస్తే ఒక ఏడాది పండుగ, ఇంకో ఏడాది దండగ. 2015లో ఎంసెట్ రాసి కన్వీనర్ కోటాలో సీటు తెచ్చుకున్నా. అప్పట్లో నాలాంటి ర్యాంకువాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఏడాదికి 35 వేలు. కాలేజీ ఫీజు అంతకి రెట్టింపు పైనే. హాస్టల్ వేరే, పుస్తకాలు వేరే, ఎగ్జామ్ ఫీజు వేరే. అన్నీ పోను ఏడాదికి లక్ష తక్కువ పడింది. నాలుగేళ్లకి నాలుగు లక్షలు. నాలుగు లక్షల దాకా బ్యాంకులు ఏ పూచీకత్తూ అడగకూడదు. ఏడున్నర లక్షల దాకా మూడో మనిషి హామీ, అది దాటితే ఆస్తి తనఖా.. ఇదీ రూలు. అయినా మా బ్రాంచిలో పొలం కాగితాలు తెమ్మన్నారు. నాన్న నాలుగుసార్లు తిరిగాడు. ఐదోసారి మా ఊరి స్కూల్ మాస్టారుని వెంటబెట్టుకెళ్తే కాగితాలు లేకుండానే లోన్ వచ్చింది. మాస్టారు లోపలికెళ్లి ఏం మాట్లాడారో నాకు ఈరోజుకీ తెలియదు.

2019లో పాసయ్యా. క్యాంపస్‌లో వచ్చిన ఆఫర్ 3.36 లక్షలు. కాల్ లెటర్ రావడానికి ఆరు నెలలు పట్టింది. చేతికొచ్చే జీతం 24 వేల చిల్లర. ఈఎంఐ మొదలవ్వాల్సిన టైమ్‌కి కరోనా వచ్చింది, 2020 ఆగస్టు చివరిదాకా రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన వెసులుబాటు నాకూ దక్కింది. ఆ తర్వాత నెలనెలా 9 వేలు. కొండాపూర్‌లో పీజీకి 8 వేలు, ఇంటికి 3 వేలు. మిగిలింది నాలుగు వేలు. ఆ రోజుల్లో నాకు సినిమా అంటే టెలిగ్రామ్ లింకే (ఇది చదివే నిర్మాతలెవరైనా ఉంటే క్షమించాలి).

మరి ఆ అప్పు వర్తా? నావరకు డౌటే లేదు, వర్తే. 2022లో కంపెనీ మారాక జీతం రెట్టింపయింది, ఇంకో ఏడాదిలో మిగతాదంతా ఒకేసారి కట్టేశా. మా మూడెకరాల మీద నాన్న ఇరవై ఏళ్లలో కళ్లచూడని డబ్బు నేను నాలుగేళ్లలో చూశా. అప్పు చేసి పప్పుకూడు తినొద్దన్నారు గానీ, అప్పు చేసి చదువుకోవద్దని మన పెద్దలెవరూ అనలేదు.

అక్కడితో ఆపేస్తే ఇది ఒక సక్సెస్ స్టోరీ రీల్ అవుతుంది. అసలు సంగతి వేరే ఉంది.

బీరువాలో ఉన్న కాగితం

2021లో మా కాలేజీ జూనియర్ ఒకడు కలిశాడు. వాడిదీ నాలుగు లక్షల లోనే, పక్క ఊరి బ్రాంచిలో. "ఈఎంఐ ఎంత పడింది?" అంటే, 6,600 అన్నాడు. నాది 9 వేలు కదా, ఎలా అని అడిగితే, "నా లోన్ మీద వడ్డీ పడలేదన్నా, సెంట్రల్ గవర్నమెంట్ కట్టింది" అన్నాడు.

నిజమే. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపుంటే, టెక్నికల్, ప్రొఫెషనల్ కోర్సులకి తీసుకున్న లోన్ మీద మారటోరియం కాలంలో పడే వడ్డీ మొత్తం కేంద్రమే కట్టే పథకం 2009 నుంచీ ఉంది. కావాల్సిన ముఖ్యమైన కాగితం ఒక్కటే, ఆదాయ ధ్రువపత్రం. ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ఎమ్మార్వో ఆఫీసు నుంచి తెచ్చుకున్న ఆ పత్రం మా ఇంట్లో బీరువాలో, పట్టాదారు పాస్‌బుక్కు పక్కనే ఉండేది. ఐదేళ్లూ అక్కడే ఉంది. మా బ్రాంచిలో ఒక్కరంటే ఒక్కరు దాని గురించి నాన్నకి చెప్పలేదు. విషయం తెలిశాక నేనే వెళ్లి అడిగా. "ఏ ఏడాది క్లెయిమ్ ఆ ఏడాదే పంపాలి బాబూ, మీది గడువైపోయింది" అన్నారు. అప్పటికి ఆ సీట్లో కూర్చున్న మేనేజర్ వేరే ఆయన. ఆయన్ననడానికీ లేదు.

తేడా ఎంతో చూడండి. 5.4 లక్షల మీద కాకుండా నాలుగు లక్షల మీదే ఈఎంఐ పడితే ఏడేళ్లకి కట్టేది 5.58 లక్షలు. అంటే దాదాపు రెండు లక్షల తేడా. ఒకే కాలేజీ, ఒకే డిగ్రీ, ఒకే ఆఫర్ లెటర్. వాడికి ఒక రేటుకొచ్చింది, నాకు ఇంకో రేటుకొచ్చింది. 'చదువుకి అప్పు చేయొచ్చా?' అని అందరూ అడుగుతారు. ఆ అప్పు ఏ రేటుకి దొరుకుతోంది అన్నది ముందు అడగాల్సిన ప్రశ్న. ఎందుకంటే అదే అప్పు బ్యాంకులో కాకుండా ఊళ్లో తీసుకుంటే కథ పూర్తిగా మారిపోతుంది.

రసీదు లేని ఐదు లక్షలు

మొన్న కౌన్సెలింగ్ టైమ్‌లో బాబాయ్ ఫోన్ చేశాడు. తమ్ముడికి ఈఏపీసెట్‌లో ర్యాంకు బాగా వెనక్కి వచ్చింది. కన్వీనర్ కోటాలో అయితే ఈసీఈ లేదా మెకానికల్ వస్తుంది. వాడేమో సీఎస్ఈ అంటే సీఎస్ఈ అని కూర్చున్నాడు. ఒక కాలేజీవాళ్లు మేనేజ్‌మెంట్ కోటాలో సీటుందన్నారు. ఫీజులు కాక, ముందుగా ఐదు లక్షలు కట్టాలి. దానికి రసీదు ఉండదు. మన ప్రైవేట్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. ఈ రెండోదాంట్లో ఇలా బల్ల కింద నుంచి వెళ్లే డబ్బు గురించి తెలియని ఇల్లు మా వైపు ఉండదు.

"ఏరా, నువ్వు ఆ ఫీల్డులోనే ఉన్నావుగా, చెప్పు. అరెకరం అమ్మనా, లేక వడ్డీకి తేనా?" అన్నాడు బాబాయ్.

రసీదు లేని డబ్బుకి ఏ బ్యాంకూ లోనివ్వదు. కాబట్టి ఊళ్లో తేవాలి. ఊళ్లో వడ్డీ శాతాల్లో చెప్పరు, రూపాయల్లో చెప్తారు. 'నూటికి రెండు రూపాయలు'. వినడానికి చాలా చిన్నగా ఉంటుంది. కానీ అది నెలకి. ఏడాదికి 24 శాతం. బ్యాంకు 10 శాతానికి భయపడిపోయే మనమే ఈ 'రెండు రూపాయలకి' తలూపేస్తాం. ఐదు లక్షలకి నెలకి పదివేలు, ఏడాదికి లక్షా ఇరవై వేలు. నాలుగేళ్లకి 4.8 లక్షలు వడ్డీకే పోతుంది, అసలు ఐదు లక్షలు అలాగే ఉంటుంది. ఇది ఏ స్టేట్‌మెంట్‌లోనూ కనపడదు. ఎడ్యుకేషన్ లోన్ల గురించి ఎవరు లెక్కలు తీసినా ఈ అప్పు అందులోకి రాదు. ఇది ప్రామిసరీ నోటు మీద, నాన్న సంతకం కింద ఉంటుంది.

ఈ అప్పు ఎలా ఉంటుందో నాకు దగ్గరగా తెలుసు. కూకట్‌పల్లిలో నా మొదటి రూమ్మేట్‌ది ఇదే కేసు. వాళ్ల నాన్న లారీ డ్రైవర్. రెండు రూపాయల వడ్డీకి తెచ్చి మేనేజ్‌మెంట్ సీటు కొన్నాడు. పాసయ్యాక రెండేళ్లు ఉద్యోగం లేదు. అమీర్‌పేటలో ఒక కోర్సు, అది కాగానే ఇంకో కోర్సు, మధ్యలో రాత్రిపూట ఫుడ్ డెలివరీ. ప్రతి నెలా మొదటివారంలో వాళ్ల నాన్న ఫోన్ చేసేవాడు. ఉద్యోగం గురించి అడిగేవాడు కాదు. "తిన్నావా నాన్నా" అని మాత్రం అడిగేవాడు. ఆ ఫోన్ తర్వాత వాడు గంటసేపు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఇప్పుడు వాడికి మంచి ఉద్యోగమే ఉంది. కానీ ఇల్లు తాకట్టులో ఉంది. డిగ్రీ వచ్చి ఆరేళ్లయింది, ఆ సీటు కోసం చేసిన అప్పు ఇంకా బతికే ఉంది.

బాబాయ్‌కి చెప్పింది ఇదే. సీఎస్ఈ వద్దని చెప్పలేదు. ఈసీఈలో చేరి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చినవాళ్లు నా టీమ్‌లోనే ముగ్గురున్నారు. సర్వీస్ కంపెనీలు క్యాంపస్‌కి వచ్చినప్పుడు చాలావరకు అన్ని బ్రాంచిలవాళ్లనీ కూర్చోబెడతాయి. బ్రాంచి పేరుకి ఐదు లక్షలు, దానిమీద ఇంకో ఐదు లక్షలు వడ్డీ.. అంత విలువ ఆ మూడక్షరాలకి లేదు. ఫ్రెషర్ జీతం సంగతీ చెప్పా. 2019లో నాకు 3.36. ఇప్పుడు మాస్ రిక్రూట్‌మెంట్‌లో తీసుకునేవాళ్లకి ఇచ్చేదీ మూడున్నర దగ్గరే. ఈ మధ్యలో కాలేజీ ఫీజు పెరిగింది, పీజీ అద్దె పెరిగింది, బిర్యానీ కూడా పెరిగింది.

నా మటుకు నేను పెట్టుకున్న గీత ఒకటుంది. చదువైపోయేనాటికి వడ్డీతో కలిపి నిలిచే అప్పు, ఆ కాలేజీలో మామూలు స్టూడెంట్‌కి వచ్చే మొదటి ఏడాది జీతానికి ఒకటిన్నర రెట్లు దాటకూడదు. నాది కొంచెం దాటింది, అందుకే మొదటి రెండేళ్లు అంత ఇబ్బంది పడ్డా. ఫ్లెక్సీ మీద ఫొటో వేసిన 44 లక్షల ప్యాకేజీ అబ్బాయిని ఈ లెక్కలోకి తీసుకోవద్దు. వాడు ఎక్కడ చదివినా వాడికొచ్చేది. క్లాసులో 30వ ర్యాంకువాడికి ఏం వచ్చిందో కనుక్కోండి. కాలేజీ చెప్పదు. గత ఏడాది పాసైన సీనియర్లు చెప్తారు, లింక్డ్ఇన్‌లో వెతికితే దొరుకుతారు.

'డిగ్రీ ఎందుకు, యూట్యూబ్‌లో కోడింగ్ నేర్చుకోండి' అనే రీల్స్ గురించి ఒక్క మాట. నేను రోజూ వాడే పనిలో చాలా భాగం నేనూ యూట్యూబ్‌లోనే నేర్చుకున్నా. ఇప్పుడు ఇంటర్వ్యూలు కూడా తీసుకుంటున్నా. కానీ నా దగ్గరికి రెజ్యూమె రావాలంటే ముందు హెచ్‌ఆర్ ఫిల్టర్ దాటాలి. అక్కడ డిగ్రీ కాలమ్ ఖాళీగా ఉంటే ఆ కుర్రాడు ఎంత తోపు అయినా నా వరకు రాడు. ఇది న్యాయమా అంటే కాదు. కానీ గేటు అక్కడుంది. ఆ గేటు దాటడానికి చవకైన దారి కావాలంటే, టెన్త్ తర్వాత గవర్నమెంట్ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, ఈసెట్ రాసి నేరుగా బీటెక్ సెకండియర్‌లో చేరొచ్చు. మా ఊళ్లో ఇద్దరు అలాగే చేశారు. ఇంటర్ కార్పొరేట్ కాలేజీ ఫీజు మిగిలింది, బీటెక్ ఒక ఏడాది ఫీజూ మిగిలింది.

'ఆడపిల్ల పేరు మీద అప్పా?'

ఇప్పటిదాకా చెప్పిన లెక్కలన్నీ అబ్బాయిలవి. అమ్మాయిలకి ఈ లెక్క ఇంకోలా ఉంటుంది.

మా క్లాస్‌లో ఒకమ్మాయి. వాళ్ల నాన్న టైలర్. మా అందరికంటే మంచి ర్యాంకు. లోన్ తీసుకుందామంటే ఇంట్లో పెద్ద గొడవ. "పెళ్లయ్యాక ఆ అప్పు ఎవరు కడతారు?" అని వాళ్ల నానమ్మ అడిగిందట. కొడుకు పేరు మీద తెస్తే అది పెట్టుబడి, కూతురి పేరు మీద తెస్తే అది భారం. చివరికి వాళ్లమ్మ గాజులు బ్యాంకులో పెట్టి ఫస్టియర్ ఫీజు కడితే, సెకండియర్ నుంచి లోన్ తీసుకుంది. ఇప్పుడు బెంగళూరులో మా అందరికంటే మంచి పొజిషన్‌లో ఉంది.

రెండేళ్ల క్రితం సంబంధాలు చూస్తుంటే ఒకచోట అబ్బాయివాళ్లు శాలరీ స్లిప్ అడిగారు. పంపింది. అందులో లోన్ సంగతి బయటపడింది. 'పెళ్లిలోపు ఆ లోన్ క్లియర్ చేసుకోండి' అన్నారు. కట్నం అడగని కుటుంబమని మధ్యవర్తి గొప్పగా చెప్పిన సంబంధం అది. కోడలి జీతం కావాలి గానీ ఆ జీతం తెచ్చిపెట్టిన అప్పు మాత్రం వద్దట. ఆ అమ్మాయే వద్దనేసింది.

తన కేసులో డిగ్రీ విలువ ఎంత అని నన్నడిగితే నేను ఈఎంఐ టేబుల్ వేయలేను. లోన్ రాకపోయుంటే తనకి పంతొమ్మిదో ఏట పెళ్లైపోయేది. ఆ నాలుగేళ్ల వాయిదాకి, 'వద్దు' అనగలిగిన ఆ ఒక్క మాటకి ఎంత వడ్డీ కట్టినా తక్కువే అనిపిస్తుంది నాకు.

డాలర్ కల, రూపాయి ఈఎంఐ

ఇక అమెరికా. 2023-24లో అక్కడ చదువుకుంటున్న మన దేశ విద్యార్థులు 3.31 లక్షల మంది, చైనాని కూడా దాటేశాం. అందులో మనవాళ్లు ఎంతమంది ఉంటారో శంషాబాద్ ఎయిర్‌పోర్టుకి ఆగస్టులో వెళ్తే తెలుస్తుంది, ఒక్కో స్టూడెంట్ వెనక రెండు ఇన్నోవాల జనం.

ఎంఎస్‌కి 40 లక్షల లోన్, 11 శాతం వడ్డీ, పదేళ్లు అనుకోండి. ఈఎంఐ 55 వేలు. డాలర్ 90 రూపాయల లెక్కన చూస్తే 600 డాలర్ల చిల్లర. అక్కడ ఉద్యోగం ఉంటే అది పెద్ద మొత్తం కాదు. నా సీనియర్లు మూడు, నాలుగేళ్లలో తీర్చేశారు. అదే మనిషి ఉద్యోగం దొరక్క తిరిగొచ్చి హైదరాబాద్‌లో 60 వేల జీతానికి చేరితే? ఈఎంఐ పోగా ఐదు వేలు. అంటే ఈ అప్పులో నిజమైన రిస్కు చదువులో లేదు, వీసాలో ఉంది. ఎంఎస్ అయ్యాక ఓపీటీ ఒక ఏడాది, స్టెమ్ కోర్సయితే ఇంకో రెండేళ్లు. మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకి మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఆ తర్వాత హెచ్-1బి లాటరీ, ఏడాదికి 85 వేలు. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులకి లక్ష డాలర్ల ఫీజన్నారు. అక్కడే చదువుకుని స్టేటస్ మార్చుకునేవాళ్లకి అది వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు. ఈ రెండింటి మధ్య ఉన్న నెలరోజులు మా వాట్సాప్ గ్రూపుల్లో ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు.

ఇంకొకటి, చదువు మొదలవ్వకముందే నష్టపోయేది రూపాయి వల్ల. నేను బీటెక్‌లో చేరిన 2015లో డాలర్ 64 రూపాయల దగ్గరుంది. 2025 చివరికి 90కి చేరింది. 40 వేల డాలర్ల ఫీజు అప్పుడు పాతికన్నర లక్షలు, 2025 చివరికి 36 లక్షలు. పూచీకత్తు లేదని ప్రైవేట్ ఫైనాన్స్ కంపెనీకి వెళ్తే వడ్డీ 12, 13 దాకా పోతుంది, కొన్ని చదువుకునేటప్పుడే నెలనెలా కొంత కట్టించుకుంటాయి. అక్కడ పార్ట్‌టైమ్ చేసి కట్టేద్దాం అనుకుంటే, ఎఫ్-1 వీసా మీద క్యాంపస్‌లోనే, సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలే చేయాలి. నన్నడిగితే ఇండియా జీతంతో కూడా కట్టగలిగినంత లోన్‌కే వెళ్లమంటా. ఈ మాట చెప్పినప్పుడల్లా 'వీడికి వీసా రాలేదులే' అన్నట్టు చూస్తారు. నేనసలు అప్లయ్ చేయలేదు.

లోన్ తప్పదు అనుకున్నవాళ్లు విద్యాలక్ష్మి పోర్టల్‌లో అప్లయ్ చేయండి. బ్రాంచిలో నోటిమాటతో పొమ్మంటే చేతిలో ఏమీ ఉండదు, పోర్టల్‌లో అయితే అప్లికేషన్ నంబరుంటుంది. చదువుకునేటప్పుడే నెలకి కొద్దికొద్దిగా వడ్డీ కట్టగలిగితే కట్టండి, చాలా బ్యాంకులు ఒక శాతం తగ్గిస్తాయి కూడా. 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మిలో కేంద్రం ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో సీటొస్తే పూచీకత్తు అక్కర్లేదు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే పది లక్షల దాకా లోన్ మీద వడ్డీలో 3 శాతం తగ్గింపు. మీ కాలేజీ ఆ లిస్టులో ఉందో లేదో చేరకముందే చూసుకోండి. 80ఈ కింద టాక్స్ మినహాయింపు అని బ్యాంకువాళ్లు ఊరిస్తారు. అది పాత టాక్స్ విధానంలోనే. మూడున్నర లక్షల జీతగాడికి అసలు టాక్సే ఉండదు, ఇంక మినహాయింపు దేనికి!

తమ్ముడు చివరికి కన్వీనర్ కోటాలోనే ఈసీఈలో చేరాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అరెకరం ఇంకా బాబాయ్ పేరు మీదే ఉంది, ఈసారి అందులో కంది వేశాడు. హాస్టల్‌కీ, మిగతా ఫీజుకీ బ్యాంకు లోన్ పెట్టారు. ఆదాయ ధ్రువపత్రం సచివాలయంలో అప్లయ్ చేయించి, రెండు జిరాక్సులు తీయించి, ఒకటి బ్యాంకులో ఇచ్చి, వడ్డీ సబ్సిడీకి పంపారా లేదా అని ప్రతి ఏడాదీ అడగమని చెప్పా.

"అడిగితే కసురుకుంటారేమోరా" అన్నాడు బాబాయ్.

కసురుకుంటే ఫోన్ నాకు కలపమన్నా.